పద్నాలుగు నిమిషాల ఆట, ఒక నిమిషం మౌనం

(జంషెడ్‌పూర్ భుయ్యాడీహ్‌లో దివంగత క్రీడాకారుల స్మారక సభలో చేసిన ప్రసంగానికి అచ్చు ప్రతి)



స్మారకోపన్యాసం అంటే మామూలుగా ఒకరి పేరు మీద ఉంటుంది. ఈ సభ ఏ ఒక్కరి పేరు మీదా లేదు. ఆటలో బతికి వెళ్ళిపోయినవాళ్ళందరి తరఫున మాట్లాడమన్నారు. ఒప్పుకోవడానికి కారణం నా దగ్గర ఉన్న విద్వత్తు కాదు, ఒక పాత బాకీ. ముందు అది చెప్పుకుంటాను.

కొన్నేళ్ళ కిందట ఈ చుట్టుపక్కలే ఒక ఖస్సీ టూర్నమెంటు జరిగింది. ఇక్కడున్నవాళ్ళకు దాని గురించి చెప్పక్కర్లేదు. ఈ పాఠం అచ్చయ్యాక శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో మన చుట్టాలెవరైనా చదివితే వాళ్ళ కోసం చెబుతున్నాను. ఈ సింగ్‌భూమ్ ప్రాంతంలో ఫుట్‌బాల్ పోటీలో గెలిచిన జట్టుకు మేకపోతును బహుమతిగా ఇస్తారు. దాన్నే ఖస్సీ అంటారు. కప్పు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మేక మాత్రం ఉండి తీరాలి. మైదానం పక్కన రాటకు కట్టేసి ఉంటుంది. ఆడేవాళ్ళందరి కళ్ళూ దాని మీదే.

ఆ రోజు మైకు నా చేతిలో ఉంది. ఫైనల్‌కు ముందు ఎవరో ఒక చీటీ అందించారు. పాత ఆటగాడొకాయన పోయారు, ఒక నిమిషం మౌనం పాటించమనండి అని. పేరు చదివాను. అందరం లేచి నిలబడ్డాం. నా పక్కన నీళ్ళ సీసాలు మోసే పిల్లాడున్నాడు, పదేళ్ళుంటాయేమో. నా చొక్కా పట్టుకు లాగి గుసగుసగా అడిగాడు: "అంకుల్, ఆయన ఏ ప్లేసులో ఆడేవాడు?"

నాకు తెలీదు. మౌనంలో ఉన్నాం కాబట్టి జవాబు చెప్పే అవసరం రాలేదు. అరవై సెకన్లు కాగానే విజిల్ ఊదారు, ఆట మొదలైంది, పిల్లాడు నీళ్ళు మోయడానికి వెళ్ళిపోయాడు. ఆ మౌనం పోయినాయనకు ఏం మేలు చేసిందో గానీ, నా తెలియనితనాన్ని మాత్రం శుభ్రంగా కప్పిపెట్టింది.

ఆ సంగతి నన్ను వదల్లేదు. పోయినవాళ్ళను ఆటలు ఎలా తలుచుకుంటాయి, ఏ ఆట బాగా తలుచుకుంటుంది అని వెతుక్కుంటూ వెళ్ళాను. ఆ వెతుకులాటలో నాకు నచ్చిన ఆట మన బస్తీలో ఎవరూ ఆడనిది. రగ్బీ సెవెన్స్. ఈ సాయంత్రం ఆ ఆటలో పోయినవాళ్ళ గురించి, దానితోపాటు మనవాళ్ళ గురించి చెబుతాను.

*

రగ్బీ బంతి గుండ్రంగా ఉండదు, గుడ్డులా ఉంటుంది. చేత్తో పట్టుకుని పరుగెత్తవచ్చు. ఎదుటివాడు నడుం పట్టుకుని కింద పడేయవచ్చు. అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే అది ట్రై, 5 పాయింట్లు. ఆ తరవాత కర్రల మధ్యగా తన్నగలిగితే మరో 2. ఒక్క నియమం మాత్రం విచిత్రంగా ఉంటుంది: బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. ముందున్నవాడికి అందించే వీల్లేదు, వెనక వస్తున్నవాడికే ఇవ్వాలి.

పూర్తి రగ్బీలో జట్టుకు 15 మంది, 80 నిమిషాలు. సెవెన్స్‌లో జట్టుకు ఏడుగురే. మైదానం మాత్రం అదే, తగ్గదు. పదిహేను మంది కాపలా కాయాల్సిన చోటును ఏడుగురు కాయాలి. అందుకే సగానికి 7 నిమిషాలు, మొత్తం 14 నిమిషాలకే ఆట ముగుస్తుంది. ఇంకాస్త పొడిగిస్తే మనుషులు పడిపోతారు. పొద్దున్న మొదలుపెడితే చీకటిపడేలోగా ఒకే మైదానంలో డజన్ల కొద్దీ మ్యాచ్‌లు అయిపోతాయి. ఒకటి ముగుస్తుంటే తరవాతి జట్లు పక్కన ఒళ్ళు వేడెక్కించుకుంటూ ఉంటాయి. నిమిషం అటూ ఇటూ అయితే రోజంతా వెనక్కి జరుగుతుంది.

అలాంటి ఆటలో చనిపోయిన మనిషి కోసం ఒక నిమిషం ఆగడం చిన్న సంగతి కాదు. ఉన్న పద్నాలుగు నిమిషాలకు అదొక పదిహేనో నిమిషం.

ఈ ఆట పుట్టింది 1883 ఏప్రిల్ 28న, స్కాట్లండ్ దక్షిణ సరిహద్దుల్లోని మెల్రోజ్ అనే చిన్న పట్నంలో. పుట్టించినవాడు నెడ్ హేగ్, మాంసం కొట్లో పనిచేసేవాడు. మేక కోసం ఫుట్‌బాల్ ఆడే మనకు ఇది విని నవ్వు రావాలి, గర్వమూ కలగాలి. మెల్రోజ్ క్లబ్బు దగ్గర డబ్బుల్లేవు. క్రీడోత్సవం ఒకటి పెట్టి టిక్కెట్లు అమ్ముదామనుకున్నారు. అందులో రగ్బీ పోటీ ఉంటే జనం వస్తారు. కానీ పదిహేనేసి మందితో ఒక్క మధ్యాహ్నంలో ఎన్ని మ్యాచ్‌లు ఆడించగలరు? మనుషుల్ని తగ్గిద్దాం, సమయం తగ్గిద్దాం అన్నాడు హేగ్. ఈ ఆలోచనలో అతని యజమాని డేవిడ్ శాండర్సన్‌కూ పాలుందంటారు.

ఊళ్ళోని ఆడవాళ్ళు ఒక కప్పు ఇచ్చారు. ఫైనల్‌కు మెల్రోజ్, పక్క ఊరి గాలా జట్లు వచ్చాయి. సమం కావడంతో అదనపు సమయం ఆడారు. అందులో మెల్రోజ్ ఒక ట్రై చేసింది. చేసీచేయగానే మేమే గెలిచామంటూ మైదానం దిగి వెళ్ళిపోయింది. సమయం ఇంకా మిగిలే ఉందని గాలా వాళ్ళు గొడవకు దిగారు. కప్పు మాత్రం మెల్రోజ్‌లోనే ఉండిపోయింది. మన ఖస్సీ ఫైనళ్ళు చూసినవాళ్ళకు ఇదేమీ కొత్త కాదు.

హేగ్ 1858లో పుట్టి 1939లో పోయాడు. తన ఆట ఒలింపిక్స్‌కు ఎక్కడం అతను చూడలేదు. 1993లో ఎడిన్‌బరోలో మొదటి సెవెన్స్ ప్రపంచకప్పు జరిగినప్పుడు పురుషుల ట్రోఫీకి మెల్రోజ్ కప్పు అని పేరు పెట్టారు. ఏ చక్రవర్తి పేరో, ఏ కంపెనీ పేరో కాదు, డబ్బుల్లేక తల పట్టుకున్న ఆ ఊరి పేరు. ఆట పుట్టిన 125 ఏళ్ళకు, 2008లో, ప్రపంచ రగ్బీ సంస్థ తన గౌరవ మందిరంలో హేగ్‌నూ ఆ క్లబ్బునూ కలిపి చేర్చుకుంది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. హేగ్ ఎన్ని ట్రైలు చేశాడో ఎవరూ అడగరు. అతను ఆటగాడే, ఆ రోజు మైదానంలో ఉన్నవాడే. లోకానికి గుర్తున్నది మాత్రం అతను చేసిన ఒక పని: ఒక చిక్కు వచ్చింది, దానికి ఒక ఉపాయం చెప్పాడు. పేరు వెంట పని ఉంది కాబట్టి పేరు మిగిలింది.

*

ఇక మనకు దగ్గరగా వద్దాం. టాటానగర్‌లో రైలెక్కితే కొన్ని గంటల్లో హౌరా. ఆ కలకత్తాలో 1872 క్రిస్మస్ రోజున రగ్బీ ఆడారు. ఇంగ్లండ్ వాళ్ళు ఇరవై మంది ఒకవైపు, స్కాట్లండ్, ఐర్లండ్, వేల్స్ వాళ్ళు ఇరవై మంది రెండోవైపు. మరుసటి నెలలో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ పెట్టుకున్నారు. నాలుగైదేళ్ళు నడిచింది. ఇక్కడి ఎండకు పోలో, టెన్నిస్ నయమనిపించాయి. క్లబ్బులో ఉచితంగా పోసే మందు ఆగిపోయాక సభ్యులు పలచబడ్డారని కూడా చెప్పుకుంటారు. క్లబ్బు మూతపడే రోజు వచ్చింది.

మనలో చీటీల సంఘమో, భజన సంఘమో మూసేటప్పుడు ఏం చేస్తాం? మిగిలిన డబ్బు పంచుకుంటాం, లేదా ఒక పూట భోజనాలు పెట్టుకుంటాం. వాళ్ళు బ్యాంకులో ఉన్నదంతా వెండి రూపాయలుగా తీసుకున్నారు. 270 రూపాయలు. వాటిని కరిగించి ఒక కప్పు చేయించారు. మూడు పిడులు, మూడూ పడగ విప్పిన నాగుపాములు, మూత మీద ఏనుగు. 1878లో దాన్ని ఇంగ్లండ్ రగ్బీ యూనియన్‌కు ఇచ్చి, ఏటా దీని కోసం ఆడండి అన్నారు. 1879 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్ జట్లు దాని కోసమే తలపడుతున్నాయి. ప్రపంచ రగ్బీలో అంత పాత పోటీ కప్పులు బహు అరుదు.

చచ్చిపోయిన క్లబ్బు తన అస్థికల్ని తానే కరిగించి కప్పుగా పోసుకుందన్నమాట. మన దేశపు వెండి రూపాయలు అవి. ఆ క్లబ్బులో ఎవరెంత బాగా ఆడారో ఈ రోజు చెప్పగలిగేవాళ్ళు లేరు. ఆ కప్పు ఎలా వచ్చిందో మాత్రం రగ్బీ తెలిసిన ప్రతివాడూ చెబుతాడు.

*

ఆసియాలో సెవెన్స్‌కు పేరు తెచ్చిన హాంకాంగ్ పోటీ 1976లో మొదలైంది. 1998లో సెవెన్స్ కామన్వెల్త్ క్రీడల్లోకి, 2016లో రియో ఒలింపిక్స్‌లోకి వెళ్ళింది. రియోలో పురుషుల స్వర్ణం ఫిజీకి వచ్చింది, ఫైనల్లో బ్రిటన్ మీద 43-7. ఆ దేశానికి ఏ ఆటలోనైనా అదే మొదటి ఒలింపిక్ పతకం. టోక్యోలో మళ్ళీ వాళ్ళే గెలిచారు.

ఫిజీ పేరు వినగానే మన తెలుగువాళ్ళు ఒక్క క్షణం ఆగాలి. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవు నుంచి చెరకు తోటల కూలికి ఓడలెక్కినవాళ్ళలో తెలుగువాళ్ళున్నారు. మా తాత పొట్ట చేత పట్టుకుని ఉత్తరాంధ్ర నుంచి రైలెక్కి ఇక్కడి టాటా కంపెనీకి వచ్చాడు. ఆయన వయసువాళ్ళ తండ్రులు కొందరు అంతకుముందే ఓడెక్కి ఆ దీవులకు వెళ్ళారు. రైలు దొరికినవాడు జంషెడ్‌పూర్‌వాడయ్యాడు, ఓడ దొరికినవాడు ఫిజీవాడయ్యాడు. అక్కడి భారతీయ సంతతి ఎక్కువగా ఫుట్‌బాల్ వైపు వెళ్ళింది, రగ్బీ ఆ దీవుల మూలవాసుల ప్రాణమైంది. కానీ స్వర్ణం వచ్చిన రోజున ఆ దేశంలో అది ఒక్కరి పండగగా మిగల్లేదు.

సెవెన్స్ పోటీల్లో తలుచుకునే పేర్లలో మొదటిది జోనా లోము. టోంగా నుంచి వచ్చిన దంపతుల బిడ్డ, 1975లో ఆక్లండ్‌లో పుట్టాడు. పద్దెనిమిదేళ్ళకే హాంకాంగ్ సెవెన్స్‌లో ప్రపంచం కంట పడ్డాడు. ఆరడుగుల అయిదంగుళాల మనిషి, పక్కన సన్నగా ఉండే పరుగువీరులతో సమానంగా పరిగెత్తేవాడు. ఇరవై ఏళ్ళ వయసులోనే కిడ్నీ జబ్బు బయటపడింది. జబ్బుతోనే 1998లో కౌలాలంపూర్‌లో కామన్వెల్త్ స్వర్ణం గెలిచిన న్యూజీలాండ్ జట్టులో ఆడాడు. 2001లో అర్జెంటీనాలోని మార్ దెల్ ప్లాతాలో సెవెన్స్ ప్రపంచకప్పు ఫైనల్లో ఆస్ట్రేలియా మీద మూడు ట్రైలు చేశాడు. 2004లో ఒక రేడియో వ్యాఖ్యాత తన కిడ్నీ ఇచ్చాడు. ఏడేళ్ళకు ఆ కిడ్నీ కూడా పనిచేయడం మానేసింది. 2015 నవంబరు 18న, నలభై ఏళ్ళకు, లోము పోయాడు.

ఆ కౌలాలంపూర్ జట్టులోనే జోయెలీ విదిరి ఉన్నాడు. ఫిజీలో పుట్టి న్యూజీలాండ్‌కు ఆడాడు, వింగ్ స్థానంలో లోములాగే మెరుపు. విచిత్రమేమంటే అతనికీ కిడ్నీ జబ్బే వచ్చింది. 2022లో 48 ఏళ్ళకు పోయాడు. డయాలసిస్ మంచం అంటే ఏమిటో ఈ సభలో కొందరి ఇళ్ళకు తెలుసు. వారంలో ఇన్ని రోజులు, రోజులో ఇన్ని గంటలు అని బతుకును గడియారానికి కట్టేయడం. పద్నాలుగు నిమిషాల ఆటలో మెరిసిన ఇద్దరికి ఆ గంటలు ఎంత పొడుగ్గా అనిపించి ఉంటాయో!

దక్షిణాఫ్రికా చెస్టర్ విలియమ్స్ 1995 ప్రపంచకప్పు గెలిచిన జట్టులో ఏకైక నల్లజాతి ఆటగాడు. తరవాత ఆ దేశపు సెవెన్స్ జట్టుకు కోచ్ అయ్యాడు. 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం తెప్పించాడు. 2019లో 49 ఏళ్ళకు గుండెపోటుతో పోయాడు.

నా మనసుకు అందరికన్నా దగ్గరైనవాడు కెన్యా బెంజమిన్ అయింబా. ఆటగాడిగా ఆ దేశానికి నాయకుడు, తరవాత కోచ్. 2009లో అతని జట్టు సెవెన్స్ ప్రపంచకప్పులో సెమీఫైనల్ దాకా వెళ్ళింది. 2016 ఏప్రిల్‌లో సింగపూర్ పోటీ ఫైనల్లో ఫిజీని 30-7తో ఓడించింది. అంతర్జాతీయ సిరీస్‌లో కెన్యా ఒక పోటీ గెలవడం అదే మొదలు, అదీ ఫిజీ మీద! అయిదేళ్ళ తరవాత, 2021 మే నెలలో, అయింబా మెదడుకు ఎక్కిన మలేరియాతో పోయాడు. 44 ఏళ్ళు.

మలేరియా! ఈ జార్ఖండ్‌లో ఆ మాటకు అర్థం చెప్పాలా? వానలు పడ్డాక చలిజ్వరంతో ఆసుపత్రికి వెళ్తే ముందు రక్తపు చుక్క తీసి చూసేది దేని కోసమో మన పిల్లలకు కూడా తెలుసు. ప్రపంచ వేదిక మీద ఫిజీని ఓడించిన మనిషినీ, సారండా అడవి పక్క పల్లెలో కూలివాడినీ ఒకే దోమ కుడుతుంది. అయింబా కథ తెలిసిన దగ్గర నుంచి కెన్యా నాకు దూరదేశంగా అనిపించలేదు. ఆయన పేరు మాత్రమే విని ఉంటే ఈ దగ్గరితనం కలిగేది కాదు. ఏం చేశాడో, ఎలా పోయాడో రెండు మాటలు తెలియడం వల్ల కలిగింది.

*

ఇప్పుడు మౌనం సంగతి.

నల్లపట్టీ కట్టుకుని, తలవంచి, నిమిషం నిలబడటం మన పద్ధతి కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాదికి, 1919 నవంబరు 11న, బ్రిటిష్ రాజ్యమంతా రెండు నిమిషాలు ఆగి నిలబడింది. అక్కడి నుంచి అది బడులకూ సభలకూ మైదానాలకూ పాకింది. మంచి పద్ధతే, కాదనను. అక్కడ ఆ మౌనానికి అర్థం ఉంది. ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు పోయారు, ఎవరి కోసం నిలబడ్డారో ప్రతివాళ్ళకూ తెలుసు. తెలిసినవాళ్ళ మౌనం బరువైనది. తెలియనివాళ్ళ మౌనం ఖాళీది.

లోము పోయినప్పుడు ఆక్లండ్‌లోని ఈడెన్ పార్క్ మైదానంలో వీడ్కోలు సభ జరిగింది. అతను చదివిన బడి పిల్లలు శవపేటిక ముందు నిలబడి హాకా చేశారు. మావోరీల హాకా తెలుసుగదా, కాళ్ళు నేలకేసి కొట్టి, ఛాతీ చరుచుకుని, గొంతు పగిలేలా అరవడం. పోయినవాడు ఎంతటివాడో అంత గట్టిగా చెప్పాలన్నది అందులోని మర్యాద.

మనకు అలాంటిది లేదా? ఉంది. మా నాన్నమ్మ కాలం దాకా చూశాం. ఇంట్లో ఎవరైనా పోతే ముసలమ్మలు శోకాలు పెట్టేవారు. ఉత్త ఏడుపు కాదది. రాగం తీసి, పోయినవాణ్ణి పేరు పెట్టి పిలిచి, అతను ఏం చేశాడో వరస తప్పకుండా చెప్పేవారు. ఏ ఏట ఏ పొలం కౌలుకు చేశాడు, ఏ చెల్లెలి పెళ్ళికి ఏం అమ్మాడు, ఏ రాత్రి ఎవరిని భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు, అంతా ఆ శోకంలో వచ్చేది. పక్కన కూర్చున్న పసివాడికి కూడా తాత బతుకు కథ అప్పుడే తెలిసేది. ఏడుస్తూనే చరిత్ర చెప్పారు వాళ్ళు. క్వార్టర్లలోకి వచ్చాక మనకు సిగ్గొచ్చింది. ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అని శోకాలు మానేశాం. వాటి చోట మౌనం తెచ్చిపెట్టుకున్నాం. మౌనం నాగరికంగానే ఉంది, కాకపోతే అందులో కథ లేదు.

ఈ చోటు నుంచి కాస్త నడిస్తే సువర్ణరేఖ ఒడ్డున దహనఘాట్. ఊళ్ళో ఎంతోమంది చివరికి వచ్చేది మన భుయ్యాడీహ్‌కే. చాండిల్ డ్యాము గేట్లెత్తితే ఆ నది మన బస్తీలోకి కూడా వస్తుంది, గుమ్మాలు చూసి వెళ్తుంది. డీహ్ అంటే పూర్వం నుంచి మనుషులు కాపురమున్న గడ్డ. పాతవాళ్ళ మీద కొత్తవాళ్ళు నిలబడే చోటు. అలాంటి చోట ఉండి మనం ఎంతమంది పేర్లు చెప్పగలం?

*

ఈ నగరానికి తలుచుకోవడం చేతకాదని అనలేం. ఏటా మార్చి 3న జమ్‌షెట్జీ టాటా పుట్టినరోజుకు ఊరంతా దీపాలు వెలుగుతాయి, జూబ్లీ పార్కులో కాలు పెట్టే సందు ఉండదు. ఆయన 1904లోనే పోయారు, ఈ ఊరిని చూడనే లేదు. కార్మికుల ఊరు కట్టేటప్పుడు ఫుట్‌బాల్‌కూ హాకీకీ విశాలంగా చోటు వదలమని కొడుకుకు రాశారన్న సంగతి ఇక్కడ బడిపిల్లవాడు కూడా చెబుతాడు. ఆయన పేరు వెంట ఆ పని ఉంది, అందుకే నిలిచింది. ఆ కొడుకు దొరాబ్జీ 1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌కు మన ఆటగాళ్ళను పంపడానికి సొంత డబ్బు పెట్టారు. ఈ సంగతి చెప్పగలిగేవాళ్ళు అంతమంది ఉండరు.

అదే మార్చిలో మరో తేదీ ఉంది. 20. ఆ రోజు ఈ గడ్డకు ఇద్దరు పోయారు. 1970 మార్చి 20న జైపాల్ సింగ్ ముండా పోయారు. ఖూంటీ పక్క టక్రా పల్లె బిడ్డ. 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో మనకు తొలి హాకీ స్వర్ణం వచ్చిన జట్టుకు కెప్టెన్‌గా వెళ్ళారు. తరవాత రాజ్యాంగ సభలో ఆదివాసీల గొంతు అయ్యారు. సరిగ్గా యాభై ఏళ్ళకు, 2020 మార్చి 20న, ప్రదీప్ కుమార్ బెనర్జీ పోయారు. పి.కె. పుట్టింది ఉత్తర బెంగాల్లో, చదివింది మన బిష్టుపూర్ కె.ఎం.పి.ఎం. బళ్ళో. పదిహేనేళ్ళ వయసులో బీహార్ తరఫున సంతోష్ ట్రోఫీ ఆడారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్. 1987లో పెట్టిన మన టాటా ఫుట్‌బాల్ అకాడమీకి తొంభైలలో టెక్నికల్ డైరెక్టర్‌గా తిరిగొచ్చారు. ఆయన పోయింది కరోనా మొదలైన రోజుల్లో. మౌనం పాటించడానికి కూడా జనం గుమికూడలేని రోజులవి.

పి.కె. పేరు చెబితే జకార్తా చెప్పాలి. జకార్తా చెబితే హైదరాబాద్ చెప్పాలి. 1962 ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసినవారు. అప్పటికే క్యాన్సర్ ఒంట్లో ఉంది. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వలేదని భారతీయ క్రీడాధికారి ఒకరు అభ్యంతరం చెప్పారు. దాంతో అక్కడి జనానికి మనమంటే మండిపోయింది. లక్షమంది పట్టే స్టేడియం మన జట్టును ఎగతాళి చేస్తోంది. ఎదురుగా దక్షిణ కొరియా. పి.కె. ఒక గోలు కొట్టారు. తలకు కుట్లతో ఆడుతున్న జర్నైల్ సింగ్ ఇంకొకటి కొట్టారు. 2-1. స్వర్ణం. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీమ్ సాబ్ పోయారు. ఆ తరవాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ స్వర్ణం రాలేదు. ఆ జట్టులోని తులసీదాస్ బలరామ్ సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టి, కలకత్తా మైదానాల్లో పేరు తెచ్చుకుని, 2023 ఫిబ్రవరి 16న అక్కడే కన్నుమూశారు.

రహీమ్ సాబ్ మీద హిందీ సినిమా వచ్చేదాకా హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్ళకే చాలామందికి ఆయన పేరు తెలీదు. నెడ్ హేగ్ పేరు మెల్రోజ్‌లో పసిపిల్లలకు తెలుసు. ఇద్దరిలో ఎవరి పని పెద్దది అన్న లెక్క నేను వేయను. ఎవరి ఊరు ఎక్కువగా చెప్పుకుంది అన్నది మాత్రం లెక్క వేయకుండానే తెలుస్తోంది.

ఇవాళ సెవెన్స్ మన గుమ్మం దాకా వచ్చేసింది. 2007లో పక్కనున్న ఒడిశా ఆదివాసీ పిల్లలు లండన్ వెళ్ళి పద్నాలుగేళ్ళలోపు బడుల రగ్బీ పోటీ గెలుచుకొచ్చారు. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో సెవెన్స్ ఆడారు. 2025 జూన్‌లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ పేరుతో కూడా ఒక జట్టు ఆడింది. రేపు ఈ సభ వెనక గోడ మీద కూర్చున్న కుర్రాళ్ళలో ఒకడు గుడ్డు బంతి పట్టుకుని పరిగెత్తినా ఆశ్చర్యం లేదు. పరిగెడితే ఆ ఆట మొదటి నియమం గుర్తుపెట్టుకోండి: మనం ముందుకే పోవాలి, బంతి వెనకున్నవాడికే అందాలి.

*

ముగిస్తున్నాను. నిర్వాహకులకు నాదొక విన్నపం. విగ్రహం అడగను, రోడ్డుకు పేరు అడగను. వాటికి డబ్బు కావాలి, పర్మిషన్లు కావాలి. ఇకమీదట మన ఏ టూర్నమెంటులో మౌనం పాటించినా, దానికి ముందు మైకులో మూడు మాటలు చెప్పండి. ఎక్కడివాడు, ఏ ప్లేసులో ఆడాడు, మర్చిపోకూడని ఏ పని చేశాడు. చీటీ ఇచ్చేవాళ్ళు పేరుతో పాటు ఈ మూడూ రాసి ఇవ్వాలి. రాయడానికి తెలియకపోతే ఆ ఇంటికి వెళ్ళి కనుక్కోవాలి. ఇంటివాళ్ళు చెబుతారు. చెప్పడానికే ఎదురుచూస్తూ ఉంటారు.

నేను చీటీ చదివిన ఆ పాత ఆటగాడి ఇంటికి ఆలస్యంగానైనా వెళ్ళాను. ఆయన లెఫ్ట్ హాఫ్ ఆడేవారట. 'ఎ' షిఫ్టు అయ్యాక స్నానం కూడా చేయకుండా మైదానానికి పోయేవారట. పేరు బయట పెట్టొద్దని ఇంటివాళ్ళు అన్నారు, పెట్టను. నీళ్ళు మోసిన ఆ పిల్లాడు ఇప్పుడు పెద్దవాడై ఉంటాడు. ఈ సభలో ఉంటే, బాబూ, నీ ప్రశ్నకు జవాబు అదీ.

ఒక పేరును మాత్రం చివరికని అట్టిపెట్టాను. మూడు మాటల పద్ధతి దానితోనే మొదలుపెడదాం.

పీటర్ తంగరాజ్. హైదరాబాద్ రాజ్యంలో పుట్టారు. గోల్‌కీపర్. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో లక్షమంది అరుస్తుండగా మన గోలు ముందు నిలబడింది ఆయనే. 2008 నవంబరు 24న ఇక్కడికి కొన్ని గంటల దారిలోని బొకారోలో, మన జార్ఖండ్ మట్టి మీదే పోయారు.

ఇప్పుడు లేచి నిలబడదాం. ఒక్క నిమిషం.